పేరొకరిది, తుపాకి వేరొకరిది

(ప్రసంగ పాఠము)

పల్నాటి సీమకు ఆయుధము క్రొత్త వస్తువు కాదు. కారెంపూడిలో ఏటేట కార్తీక అమావాస్యకు ఆరంభమగు వీరారాధనోత్సవములకు వీరాచారవంతులు తమ పూర్వుల కొణతములను తెచ్చి, నాగులేటిలో స్నానము చేయించి, పూజింతురు. ఆ ఉత్సవమును చూచినవారికి ఒక విషయము స్ఫురింపక మానదు. ఏ కొణతము ఏ యింటిదో, దానిని భుజమున నెత్తుకొను అర్హత ఎవరికి గలదో అచ్చటివారికి తెలియును. ఆయుధమునకు ఒక యిల్లు, ఒక పేరు, ఒక చేయి గలవు. ఆ మూడును విడివడకుండ ఆచారము కాచుచున్నది.

తుపాకికి అట్టి ఆచారము లేదు. అది కర్మాగారమున పుట్టి, అంగడిలో అమ్ముడుపోయి, ఎవరు పట్టుకొన్నను ఒక్క తీరుగనే పేలును. కనుక ఆచారము చేయు పనిని ఇచ్చట చట్టము చేయవలసివచ్చినది. ఫలాని తుపాకి ఫలాని వానిదని వ్రాతమూలకముగ నిర్ణయించి, ఆ పేరును ఆ చేతిని ఒక్కచోట కట్టివేయుటయే ఆయుధ చట్టము యొక్క సారాంశము. ఆ కట్టును విప్పుటకు మోసగాండ్రు కనిపెట్టిన ఉపాయము మిక్కిలి సులభమైనది: అర్హత గలవాని పేరున కొని, అర్హత లేనివాని చేతికి అందించుట. దీనిని అడ్డుటలో తుపాకులమ్ము దుకాణదారునకు చట్టము ఎట్టి బాధ్యత మోపినదో, ఆ బాధ్యత మన యిండ్లవరకు ఎట్లు వచ్చునో నేడు ముచ్చటించుకొందము.

పిడుగురాళ్లవంటి సున్నపుబట్టీల ఊరిలో, ప్రత్తి మిరప పండించు రైతులకు, తుపాకుల అంగడి గొడవ యెందుకని కొందరడుగవచ్చును. సమాధానము కష్టము కాదు. అడవిపందులనుండి పైరును కాచుకొనుటకు, ఊరికి దూరముగనున్న యింటికి రక్షణగ, బ్యాంకు కాపలా ఉద్యోగము కొరకు, సైన్యమునుండి విరమించిన పిదప ఆత్మరక్షణ కొరకు, ఇట్లు సక్రమమైన కారణములతో లైసెన్సు కోరువారు పల్లెలలోను గలరు, పట్టణములలోను గలరు. వారిలో ఎక్కువమంది మర్యాదస్తులు. మర్యాదస్తుడు గనుకనే అతని పేరు మోసగానికి కావలసివచ్చును. దొంగ పేరుతో దొంగకు లైసెన్సు రాదు గదా!

ఈ మోసమునకు ఆంగ్లదేశములవారు పెట్టిన పేరులో గడ్డి అను మాట యున్నది. గడ్డితో చేసిన మనిషి యని వారి భావము. మన మిరప తోటలలో నిలబెట్టు దిష్టిబొమ్మను తలచుకొనుడు. దానికి యజమాని చొక్కా తొడుగుదురు, తలపాగ చుట్టుదురు. దూరమునుండి చూచిన పక్షికి మనిషివలెనే కనబడును. కాని లోపల నున్నది గడ్డి. మనకు ఇంతకంటె దగ్గరి మాట మరొకటి గలదు: బినామీ. ఒకరి పేరున భూమి కొని వేరొకరు అనుభవించుట మన మెరిగినదే. అట్లే ఒకరి పేరున తుపాకి కొని వేరొకరు వాడుకొనుట బినామీ తుపాకి. బినామీ భూమి పన్నును, ఋణమును ఎగవేయుటకు పనికివచ్చును. బినామీ తుపాకి ప్రాణములను తీయుటకు పనికివచ్చును. భేదము అంతియే.

ఇపుడు చట్టమును చూతము. ఆంగ్లేయ ప్రభుత్వము 1878లో చేసిన ఆయుధ చట్టము భారతీయులను నిరాయుధులను చేయుటకు వచ్చినదని నాటి నాయకులు నిరసించిరి. 1930 జనవరిలో గాంధీజీ వైస్రాయి ఇర్విను ముందుంచిన 11 కోరికలలో, ప్రజల అదుపునకు లోబడి ఆత్మరక్షణకై తుపాకి లైసెన్సులు ఇయ్యవలెననునది ఒకటి. స్వాతంత్ర్యము వచ్చిన పిదప పార్లమెంటు 1959లో క్రొత్త ఆయుధ చట్టమును చేసినది. అది 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. పౌరుని అనుమానించుటకంటె అర్హుని గుర్తించుట దాని ఉద్దేశము. నిజముగ పైరు కాచుకొనుటకు బారు తుపాకి కోరిన రైతునకు, ఇతర ఆటంకములు లేనియెడల, లైసెన్సు ఇయ్యవలెనని అందులోనే యున్నది. అయితే ఆ లైసెన్సు వన్యమృగములను యథేచ్ఛగ చంపుటకు అనుమతి కాదు; దానికి 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము వేరుగ గలదు.

ఈ చట్టము తుపాకికి మూడు ద్వారములను పెట్టినది. మొదటిది లైసెన్సు నిచ్చు అధికారి. మన ప్రాంతమున జిల్లా కలెక్టరే జిల్లా మేజిస్ట్రేటుగ ఆ పని చేయుదురు. 2022లో పల్నాడు ప్రత్యేక జిల్లాయైన నాటినుండి పిడుగురాళ్ల వారికి ఆ కార్యాలయము నరసరావుపేటలో నున్నది. పోలీసువారు విచారించి నివేదిక పంపుదురు. రెండవ ద్వారము దుకాణదారు. మూడవది లైసెన్సుదారుని యిల్లు. మొదటి ద్వారమున అధికారి చూచునది కాగితముమీది పేరును. మూడవ ద్వారమును చూచువారు ఎవరును లేరు. కాగితముమీది పేరును, తుపాకి నందుకొను చేతిని ఒకే సమయమున, ఒకే చోట, కన్నులారా చూచువాడు దుకాణదారు ఒక్కడే. చట్టము అతనిమీద ఇంత భారము మోపుటకు కారణమిదియే.

దుకాణదారు మొట్టమొదట తానే లైసెన్సుదారు. చట్టములోని 5వ సెక్షను ప్రకారము లైసెన్సు లేక తుపాకులు అమ్మరాదు, అమ్మకమునకు పెట్టరాదు, బాగుచేయరాదు. అతడు సరకు రాకపోకలకు రిజిస్టర్లు వ్రాయవలెను. మేజిస్ట్రేటుగాని, అధికారముగల పోలీసు అధికారిగాని వచ్చి అడిగినపుడు సరకును లెక్కలను చూపవలెను. 8వ సెక్షను ప్రకారము తయారీదారుని పేరు, సంఖ్య మొదలైన గుర్తులు లేని తుపాకిని అమ్మరాదు. తుపాకిమీది సంఖ్య మనిషి వ్రేలిముద్ర వంటిది. రేపు ఎక్కడనో నేరము జరిగి తుపాకి దొరకినపుడు, ఆ సంఖ్య పట్టుకొని వెనుకకు నడచిన పోలీసువారు తుదకు వచ్చి నిలుచునది దుకాణదారుని రిజిస్టరు ముందరనే.

పిదప 9వ సెక్షను ఎవరికి తుపాకి అమ్మరాదో చెప్పుచున్నది. 21 సంవత్సరములు నిండనివారు, హింసతోగాని నీతిబాహ్యతతోగాని కూడిన నేరమునకు జైలుశిక్ష పడి, ఆ శిక్ష ముగిసిన పిదప 5 సంవత్సరములు గడువనివారు, శాంతికి భంగము కలిగింపమని పూచీకత్తు వ్రాయవలసినదిగ ఆజ్ఞాపింపబడి, ఆ గడువులో నున్నవారు, మతిస్థిమితము లేనివారు. ఈ మూడవ తరగతిని మన పల్లెలలో బైండోవరు అందురు. పల్నాట ఆ మాట వినని గ్రామముండదు. బైండోవరులో నున్నవానికి తుపాకి కావలసివచ్చెనా, అతడు స్వయముగ దుకాణమునకు పోడు. ఏ మచ్చయులేని బావమరదినో, బాబాయినో పంపును. బినామీ కొనుగోలు పుట్టుచోటు ఇది.

ఇచ్చట చట్టము వాడిన రెండు మాటలను శ్రోతలు జాగ్రత్తగ గమనింపవలెను. అనర్హుడని తెలిసిగాని, అట్లు నమ్ముటకు కారణముండిగాని అమ్మరాదని 9వ సెక్షను చెప్పుచున్నది. కాబట్టి “నాకు తెలియదు” అన్నంత మాత్రమున దుకాణదారు తప్పించుకొనలేడు. కన్నుల ముందున్న సూచనలు చూచి తెలిసికొనవలసినది తెలిసికొనకపోయెనా, కారణముండెను గదా యని న్యాయస్థానమడుగును. 29వ సెక్షను ఇంకను ముందుకు పోయినది. తీసికొనువానికి దానిని ఉంచుకొను అర్హత కలదని ముందుగ రూఢిచేసికొనక ఎవరికైనను తుపాకినిగాని తూటానుగాని అప్పగించినవాడు జైలుశిక్షకో, జరిమానాకో, రెండింటికో పాత్రుడగును. ముందుగ రూఢిచేసికొనవలెనను ఈ నియమము 1878 నాటి చట్టములోను గలదు. పరాయి ప్రభుత్వము పెట్టిన అనేక నిబంధనలను త్రోసివేసిన స్వతంత్ర భారతము దీనిని మాత్రము నిలుపుకొన్నదన్నచో, ఇది పాలకుల సౌకర్యమునకు కాక ప్రజల ప్రాణములకు సంబంధించినదని గ్రహించుట వలననే యనుకొనవలెను.

లైసెన్సుపైన మరొక చిన్న నిబంధన యున్నది. తూటాలు కొన్నపుడు ఏమి ఇచ్చినది, ఎంత ఇచ్చినది, ఏ తేదీన ఇచ్చినది, అందుకొన్నవాని పేరు ఊరు ఏమి అనునవి అమ్మినవాడు లైసెన్సుపైననే వ్రాసి సంతకము చేయవలెను. గమనించితిరా? లైసెన్సుదారుని పేరు అప్పటికే ఆ కాగితముమీద నున్నది. అయినను అందుకొన్నవాని పేరు వేరుగ వ్రాయుమన్నారు. పేరు వేరు, చేయి వేరు కావచ్చునని చట్టము వ్రాసినవారికి తెలియును. లైసెన్సుదారు వ్రాతమూలకముగ అధికారమిచ్చినచో, బాగుచేయించుటకో లైసెన్సు పునరుద్ధరణకో మరొకరు ఆ తుపాకిని తీసికొనిపోవచ్చునని 3వ సెక్షను ఒప్పుకొన్నది కూడ. ఇట్టి సక్రమమైన సందర్భమునకును, బినామీకిని నడుమ గీత గీయుటయే దుకాణదారుని పని.

ఆ పని ఎట్లు చేయవలెనో ఒక ఉదాహరణముగ ఊహించుకొందము. ఒక పెద్దమనిషి, ఆయనతో ఒక యువకుడు దుకాణమునకు వచ్చిరి. లైసెన్సు పెద్దాయనది, సరిగనే యున్నది. కాని తుపాకులను ఎత్తి చూచుచున్నది యువకుడు. బరువెంత, ఎంత దూరము కొట్టునని అడుగుచున్నదియు అతడే. పెద్దాయన కుర్చీలో కూర్చుండి గోడవైపు చూచుచున్నాడు.

“పెద్దాయనా, తుపాకి మీరు పట్టుకొని చూడలేదేమండీ?” అని దుకాణదారు అడిగెను.

“మావాడు చూస్తున్నాడుగా. వాడికి నచ్చితే నాకు నచ్చినట్లే.”

“ఇంతకుముందు తుపాకి వాడారా?”

“లేదయ్యా. మా చేలో పందుల బెడద.”

“డబ్బు మీరిస్తారా, ఆ బాబు ఇస్తాడా?”

పెద్దాయన పలుకలేదు. యువకుడు జేబులోనుండి నోట్ల కట్ట తీసి బల్లమీద పెట్టెను.

“పెద్దాయనా, లైసెన్సు మీ పేరున ఉంది. తుపాకి మీ యింట్లో, మీ చేతి కింద ఉండాలి. ఇది వేరేవారికని నాకు అనుమానంగా ఉంది. ఈ బేరం నేను చేయలేను. ఏమీ అనుకోకండి.”

“మీరు కాకపోతే ఇంకో కొట్టుంది,” అని యువకుడు లేచెను.

“ఉండవచ్చు బాబూ. ఈ పుస్తకంలో మాత్రం నేను అబద్ధం రాయలేను.”

ఇందులో దుకాణదారు పోలీసు పని చేయలేదు. ఎవరిని పట్టుకొనలేదు, నిందింపలేదు. మూడు ప్రశ్నలడిగి, సమాధానములు పొసగనందున బేరము మానుకొనెను. ఎవరు ఎన్నుకొనుచున్నారు, ఎవరు డబ్బిచ్చుచున్నారు, ఎవరు వాడుదురు — బినామీని బయటపెట్టుటకు ఈ మూడు ప్రశ్నలే ముఖ్యము. వీటికి తోడు గమనింపవలసిన సూచనలు మరికొన్ని గలవు: కొనువానికి తాను కొనుచున్న రకము పేరైనను తెలియకపోవుట, ధరను గూర్చి ఏ మాత్రము బేరమాడక తొందరపెట్టుట, దుకాణము బయట నిలిచినవారితో మాటిమాటికి ఫోనులో మాటలాడి వచ్చుట, పందికొరకని చెప్పి పందికి పనికిరాని తూటా కోరుట, ఒకసారి ఎన్ని, ఏడాదికి ఎన్ని అని లైసెన్సులో వ్రాసియున్న పరిమితి అంచువరకు ప్రతిసారియు తూటాలు కొనుచు, వాడిన గుర్తు ఏదియు చెప్పలేకపోవుట. ఒక్క సూచన చూచి మనిషిని దోషి యనరాదు. వినయశీలుడైన రైతు బిడియపడవచ్చును. వృద్ధుడు కొడుకును తోడు తెచ్చుకొనవచ్చును. రెండు మూడు సూచనలు కూడినపుడు మాత్రము ఆగి అడుగవలెను.

అడుగుటకు నేడు సాధనములు పెరిగినవి. 2016 జూలైలో వెలువడిన నూతన ఆయుధ నియమములతో, దేశములోని లైసెన్సులన్నింటిని ఒక జాతీయ పట్టికలో చేర్చి, ప్రతి లైసెన్సుదారునకు ఒక విశిష్ట సంఖ్య నిచ్చు పద్ధతి స్థిరపడినది. లైసెన్సు నకిలీదా, అసలుదా అని తేల్చుటకు ఈ సంఖ్య ఉపకరించును. 2019 డిసెంబరులో చట్టమును సవరించి, ఒక వ్యక్తి ఉంచుకొనదగిన తుపాకులను సామాన్యముగ మూడింటినుండి రెండింటికి తగ్గించిరి. లైసెన్సు గడువును మూడేండ్లనుండి ఐదేండ్లకు పెంచిరి. తుపాకుల అక్రమ రవాణాకు, అట్టి దానికి తోడ్పడుటకు పదేండ్లకు తక్కువ కాకుండ యావజ్జీవము వరకు శిక్ష నిర్ణయించిరి. ఇందులో రవాణా యనగా సరిహద్దులు దాటించుట మాత్రమే కాదు. చట్టమునకు విరుద్ధముగ దేశములోపల అమ్ముట, అందించుట, చేతులు మార్చుట కూడ అందులో చేరును. బావమరదికి చేసిన ఉపకారము అను మాట ఆ సెక్షను ముందు ఎంతవరకు నిలుచునో ఆలోచింపదగినది.

అమెరికాలో లక్షలాది తెలుగువారు నివసించుచున్నారు గనుక అచ్చటి పద్ధతినిగూడ ఒక మాట చెప్పుట అవసరము. ఆ దేశమున సామాన్యముగ దుకాణమునుండి తుపాకి కొనుటకు మనవలె కలెక్టరు లైసెన్సు ఉండదు. కాబట్టి రెండవ ద్వారమైన దుకాణమే అచ్చట మొదటి ద్వారము. కొనువాడు 4473 అను సంఖ్యగల ప్రభుత్వ పత్రమును నింపి, తుపాకికి అసలు కొనుగోలుదారు తానేనా అను ప్రశ్నకు సమాధానము వ్రాసి సంతకము చేయవలెను. దుకాణదారు 1998నుండి నడచుచున్న జాతీయ తనిఖీ వ్యవస్థద్వారా అతని పూర్వచరిత్రను విచారించును. వరుసగ ఐదు పనిదినములలో ఒకే వ్యక్తి రెండుగాని అంతకు మించిగాని పిస్తోళ్లు కొన్నచో ఆ సంగతి ప్రభుత్వమునకు వ్రాయవలెను.

2009లో వర్జీనియా రాష్ట్రమున ఒక మాజీ పోలీసు ఉద్యోగి తన బాబాయి కొరకు ఒక పిస్తోలు కొనెను. బాబాయి ముందుగనే 400 డాలర్ల చెక్కు పంపి, అది పిస్తోలు కొరకని చెక్కుమీదనే వ్రాసెను. మాజీ పోలీసు మాత్రము పత్రముమీద అసలు కొనుగోలుదారును తానే యని వ్రాసెను. ఇందులో విశేషమేమనగా, బాబాయి అనర్హుడు కాడు. అతడు స్వయముగ కొన్నను కొనవచ్చును. అట్టియెడ నేరమెక్కడిదని వాదించిరి. ఆబ్రామ్‌స్కీ వ్యాజ్యముగ ప్రసిద్ధికెక్కిన ఈ వివాదమును అమెరికా సర్వోన్నత న్యాయస్థానము 2014 జూన్‌లో ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగ తేల్చినది. అధిక సంఖ్యాకుల పక్షమున తీర్పు వ్రాసినవారు న్యాయమూర్తి ఎలీనా కేగన్. తన ముందు నిలిచినవానిని మాత్రమే దుకాణదారు పరీక్షింపగలడు. అసలు కొనువాడు తెరవెనుక నుండిపోయినచో పరీక్ష యంతయు వ్యర్థమే. కావున ఆ అబద్ధము నేరమే — ఇది తీర్పులోని ముఖ్యభావము. 2022లో ఆ దేశము బినామీ కొనుగోలునే ప్రత్యేకమైన నేరముగ చేసి 15 సంవత్సరముల వరకు శిక్ష నిర్ణయించినది. నిజమైన బహుమానముగ కొని యిచ్చుట అచ్చటి కేంద్ర చట్టము ప్రకారము బినామీ కాదు. కాని మరొకరి డబ్బుతో, మరొకరి కోరికపైన, తన పేరు పెట్టుట మాత్రము బినామీయే. అచ్చట చదువుకొనుచున్న మన పిల్లలకు, స్నేహితుడడిగినాడని సంతకము చేయవద్దని ఒక మాట చెప్పియుంచుట పెద్దల విధి.

మన దేశమునకు తిరిగివత్తము. ఇచ్చట పెద్ద ప్రమాదము దుకాణదారు ఏమరిపాటు కాదు, కుమ్మక్కు. 2012నుండి 2016వరకు జమ్ము కాశ్మీరమున అనర్హులకు 2.78 లక్షలకు పైగా లైసెన్సులు జారీయైనవని కేంద్ర దర్యాప్తు సంస్థ ఆరోపించినది. ఇతర రాష్ట్రములవారి పేర్లమీద, అచ్చట నివసింపనివారి పేర్లమీద అధికారులును, తుపాకుల దుకాణదారులును కలిసి ఈ పని చేసిరని ఆరోపణ సారాంశము. 2021 జూలైలో ఆ సంస్థ 40 చోట్ల సోదాలు జరిపెను; వానిలో సుమారు 20 తుపాకుల దుకాణములే. ఎవరు దోషులో న్యాయస్థానము తేల్చవలసియున్నది. కాని ఒక పాఠము మాత్రము స్పష్టము. మొదటి ద్వారపు కావలివాడును రెండవ ద్వారపు కావలివాడును చేతులు కలిపినచో, ద్వారములెన్ని యున్నను ఒక్కటియు లేనట్లే.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. పల్నాటి కక్షలలో నెత్తురు చిందించినది దుకాణపు తుపాకియా? కత్తులు, గొడ్డళ్లు, నాటుబాంబులు కావా? అవి ఏ రసీదుతో వచ్చినవి? ఈ ఆక్షేపణలో నిజము కలదు. నాటుబాంబునకు దుకాణదారు లేడు. నాటు తుపాకి చేయువాడు రిజిస్టరు వ్రాయడు. దుకాణమును ఎంత కట్టుదిట్టము చేసినను ఆ మార్గము మూతపడదు. దానికి పోలీసువారి పని వేరుగ నున్నది. కాని దొంగదారి తెరచియున్నదని రాచబాటను కావలి లేక విడువము గదా. పైగా పిడుగురాళ్ల వారికి ఈ సంగతి వారి వృత్తిలోనే తెలియును. సున్నపురాయి గనులలో వాడు పేలుడు పదార్థములకు 2008 నాటి నియమములు గలవు. లైసెన్సు గలవారికే అమ్మవలెను, నిలువ లెక్క వ్రాయవలెను. గనికని తెచ్చిన పేలుడు పదార్థము లెక్క తప్పినచో అది ఎచ్చటికి పోయినదను భయముతో అందరికిని నిద్ర పట్టదు. ఆ భయము ఆరోగ్యకరమైనది. తుపాకి విషయమునను అదే భయము మనకుండవలెను.

దుకాణదారులు చెప్పుకొను కష్టము మరొకటి. “మేము అడిగినచో కొనుగోలుదారు నొచ్చుకొనును, వ్యాపారము పోవును” అందురు. ఇదియు నిజమే. కాని ఔషధముల దుకాణదారు వైద్యుని చీటీ అడిగినపుడు నొచ్చుకొనువారెవరు? అందరును అడుగుదురని తెలిసినపుడు అడుగుట మర్యాద యగును. ఒక్కడే అడిగినపుడే అది అవమానముగ తోచును. కావున దుకాణదారులందరును ఒక్కమాటమీద నిలువవలెను. గుమాస్తాలకు ఈ ప్రశ్నలు నేర్పవలెను. సంస్థ చేసిన నేరమునకు దానిని నడపువారును బాధ్యులని 33వ సెక్షను చెప్పుచున్నది గనుక, గుమాస్తా అమ్మినాడు, నేనెరుగనని యజమాని ఊరకనే అనజాలడు. అనుమానము నిజమై నేరము జరుగుచున్నదని తెలిసినపుడు, తగిన కారణము లేక పోలీసులకు తెలుపకుండుట కూడ 36వ సెక్షను ప్రకారము తప్పు. బేరము మానుకొనుట సగము పని. అవసరమైనచోట తెలియజేయుట మిగిలిన సగము.

తుదకు మూడవ ద్వారమునకు, అనగా మన యింటికి వత్తము. ఈ ద్వారమున కావలివారము మనమే. ఇంటిలో తాతగారి తుపాకి యున్నది. తాతగారు కాలము చేసిరి. లైసెన్సు ఆయన పేరునే యుండినది గాని ఆయన కొడుకు పేరున లేదు. అట్టి తుపాకిని ఆలస్యము చేయక సమీప పోలీసు ఠాణాలోగాని, నియమముల ప్రకారము లైసెన్సుగల దుకాణదారునివద్దగాని అప్పగించి, వారసులు తమ పేరున లైసెన్సు కొరకు దరఖాస్తు చేసికొనవలెను. అటకమీద పెట్టి మరచిపోవుట నేరమునకు దారితీయును. తుపాకిని మరొక అర్హునకు అమ్మదలచినచో, కొనువాని పేరు, చిరునామా తెలుపుచు జిల్లా మేజిస్ట్రేటునకో, సమీప ఠాణా అధికారికో ముందుగ వ్రాసి, 45 రోజులు గడచిన పిదపనే అమ్మవలెను. నలుగురు కలిసి ఉండు ఇంటిలో లైసెన్సు లేని తుపాకి దొరకినచో, దానిని గూర్చి తెలిసియున్నవారందరును బాధ్యులు కావచ్చునని 35వ సెక్షను హెచ్చరించుచున్నది.

అన్నింటికంటె కష్టమైనది బంధువునకు కాదని చెప్పుట. “బావా, నీ లైసెన్సు మీద రెండు పెట్టెల తూటాలు తెచ్చిపెట్టవా?” అని చెల్లెలి భర్త అడిగినపుడు నోరాడదు. ఋణపత్రముమీద సాక్షి సంతకము చేసి, తరువాత చిక్కులలో పడినవారిని మన ఊళ్లలో చూచియే యున్నాము. అచ్చట పోవునది పొలము. ఇచ్చట పోవునది ఎవరి కుమారుడో, ఎవరి తండ్రియో. అట్టి సమయమున “బావా, ఇంకేమన్నా అడుగు, ఇస్తాను. నా పేరు మాత్రం అరువివ్వలేను” అని చెప్పగలిగినవాడు ఆ పూట బంధువును నొప్పించినను, రెండు కుటుంబములను కాచినవాడగును.

కారెంపూడిలో కొణతమును మోయువాడు ఇది మా పూర్వులదని పదిమందిలో తలయెత్తి చెప్పును. తుపాకి యున్న ప్రతి యింటిలోను, దానిని అమ్మిన ప్రతి దుకాణములోను అట్లే చెప్పగలుగవలెను: ఈ పేరు నాది, ఈ చేయి నాది, దీనికి జవాబుదారుడను నేనే. అట్లు చెప్పలేని చోట దుకాణదారు తన పుస్తకమును మూసివేయవలెను. మనము మన సంతకమును మానుకొనవలెను.